కానుగ గింజలకు ఆముదం

ఆముదం వాసన తగిలితే నాకు ఇప్పటికీ ముఖం వేడెక్కుతుంది. పాలమూరు బిడ్డవై ఉండి ఆముదానికి మొహం తిప్పుకుంటావేమిటని మా వాడ ఆడవాళ్లు దెప్పుతారు. దెప్పనీ, వాళ్లకేం తెలుసు. వాసన నచ్చక కాదు. అది ముక్కుకు సోకగానే మా చర్చి ముందటి రేకుల పందిరి, దాని కింద కూర్చున్న మా అమ్మ, ఎదురుగా నిలబడ్డ ఒక తెల్లాయన కళ్ల ముందుకొస్తారు. ఇన్నేళ్లయినా ఆ సిగ్గు నన్ను విడిచిపోలేదు.

తొంభైల మొదట్లో నేను హైదరాబాదులో రసాయనశాస్త్రంలో పరిశోధన చేసేదాన్ని. మాది కొత్తకోట దగ్గర పల్లె. గుంటెడు భూమి లేని ఇల్లు. మా వాడలో పదో తరగతి గట్టెక్కిన ఆడపిల్లే లేని రోజుల్లో నేను డాక్టరేటు దాకా పోయానంటే అది నా తెలివి కాదు, మా అమ్మ మొండితనం. నాయిన పోయాక ఆమె ఎవరి చేన్లో పిలిస్తే ఆ చేన్లో కలుపు తీసింది. చదువు ఆపేస్తానని నేను అన్నప్పుడల్లా చీపురుకట్ట తీసుకునేది.

నాకు గైడుగా ఉన్న మా సారుకు జర్మనీలోని ఒక విశ్వవిద్యాలయంతో పొత్తు కుదిరింది. కానుగ నూనెతో డీజిలు ఇంజన్లు నడపొచ్చా అన్నది మొదటి ప్రశ్న. ఆ నూనెలోనూ పిండిలోనూ మందులకో, పంటల మీది పురుగును చంపడానికో పనికొచ్చే పదార్థాలున్నాయా అన్నది రెండోది. కాగితాల మీద అంతర్జాతీయ సహకారమని పెద్ద పెద్ద మాటలు ఉండేవి గానీ, నేను చూసినంతలో సంగతి చాలా తేలిక. చెట్లు మనవి, మిషన్లు వాళ్లవి. మా ల్యాబులో ఉన్న ఒక్క మిషనూ ఏడాదిలో సగం రోజులు ముసుగు కప్పుకుని పడుకునేది. అందుకని గింజలు మేం సేకరించి గోనెసంచుల్లో ఓడ మీద పంపేవాళ్లం. వాళ్లు నూనె తీసి, అందులో ఏమేం ఉన్నాయో విడదీసి చూసి చెప్పేవాళ్లు.

ఎక్కడి గింజలు పంపాలని మాట్లాడుకునే రోజున నేను ఊరుకోలేక, మా వాగు పొడుగునా కానుగ చెట్లేనని అన్నాను. ల్యాబులో మిగతావాళ్లు ఎక్కువమంది కోస్తా వైపు వాళ్లు. నా నోట ‘గట్ల’ అనో ‘గిట్ల’ అనో వచ్చిందంటే చాలు, ఆ పూటకు వాళ్లకు కాలక్షేపం. ఆ రోజు మాత్రం ఎవరూ నవ్వలేదు. సారు మా ఊరి పేరు రాసుకున్నారు. ఆలేరు దగ్గరి గింజలు ఒక లాటు, మా ఊరివి ఒక లాటు పంపాలని తేల్చారు. నా ఊరి పేరు ఒకరు శ్రద్ధగా రాసుకోవడం నేను అంతకు ముందెప్పుడూ చూడలేదు.

ఎండాకాలంలో కాయలు రాలగానే మా అమ్మ వాడ ఆడవాళ్లను వెంటేసుకుని ఏరింది. ఎండబోసి, కట్టెతో కొట్టి, గింజలు తీసి, చాటలతో చెరిగి, రాయి రప్ప లేకుండా సంచులకెత్తింది. దబ్బనంతో మూతి కూడా తనే కుట్టేసింది. నేను పోయి బస్సు మీద వేయించుకుని తెచ్చాను. ఈ గింజలు ఏరేది మా అమ్మేనని ల్యాబులో నేను చెప్పలేదు, వాళ్లు అడగలేదు. ఊరి ఆడవాళ్లు ఏరుతారు అంటే సరిపోయింది.

కొన్ని నెలలకు జర్మనీ నుంచి జవాబొచ్చింది. ఆలేరు నూనె మామూలు కానుగ నూనే. మా ఊరి నూనెలో మాత్రం కానుగలో ఉండకూడని ఆమ్లం ఒకటి కనిపించింది. కొంచెమే గానీ, ఉంది. ఆ ఆమ్లం ఉండాల్సింది ఆముదంలో. మా జిల్లాలో చెలక కనిపిస్తే ఆముదాలే వేస్తారు కాబట్టి, ఆ గింజలు వీటిలో కలిసి ఉంటాయని అక్కడివాళ్లు అనుమానపడ్డారు. సారు నన్ను ఊరికి తోలారు. నేను పోయి అడిగితే మా అమ్మ నా మీదికి లేచింది. గింజ గింజ చూసి ఎత్తినాము, ఇందులో ఒక్క ఆముదాల గింజ చూపెట్టు చూద్దాం అంది. నిజమే, పంపగా మిగిలిన గింజలన్నీ వెతికినా ఒక్కటీ లేదు. మరుసటి ఏడు మళ్లీ ఏరించి పంపాం. మళ్లీ అదే ఆమ్లం, అంతే మోతాదులో వచ్చింది.

ఇక చూడాలి మా సంబరం! ఈ ఎండు నేలలో, ఈ ఒక్క వాగు ఒడ్డున, కానుగలో వేరే రకమేదో పుట్టి పెరుగుతోందని సారు నమ్మారు. జర్మనీ వాళ్లూ నమ్మారు. ఇంజనుకు నూనె, దాంతో పాటే కందెన, రెండూ ఒకే చెట్టు ఇస్తుందేమోనని ఆశ. సారు ఒక సభలో ఈ సంగతి చెప్పి చప్పట్లు కొట్టించుకున్నారు. నా సిద్ధాంత గ్రంథంలో అన్నిటికన్నా పెద్ద అధ్యాయం అదే అయింది. డాక్టరేటు దాని మీదే నిలబడి ఉంది. నాకు కాళ్లు నేల మీద ఆనలేదు. క్యాంటీన్లో కావాలనే గట్టిగా ‘గట్లనా’ అనేదాన్ని. ఎవరైనా నవ్వుతారా అని చూసేదాన్ని.

ఆ చెట్లను కళ్లారా చూడాలని, జర్మనీలో మా నూనె పరీక్షలు చేయించే పెద్దాయనే వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, గుడ్డ టోపీ పెట్టుకుని ఉన్నాడు. సారు, ఆయన, నేను జీపులో బయల్దేరాం. వాగు పొడుగునా తిరిగి ఆయన చెట్లకు చీటీలు కట్టాడు, ఆకులు కోసి కాగితాల మధ్య పెట్టుకున్నాడు. ఎండకు ముఖం ఎర్రబడినా నవ్వుతూనే ఉన్నాడు. పని తొందరగా అయిపోయింది. గింజలు నిలవచేసే చోటు కూడా చూద్దామన్నాడు. అది మా చర్చి ముందటి పందిరే, అక్కడికి మేం సాయంత్రం వస్తామని నేను అమ్మకు కబురు పెట్టి ఉన్నాను. మధ్యాహ్నమే పోయాం.

రేకుల పందిరి కింద మా అమ్మ కాళ్లు చాపుకుని కూర్చుంది. ముందర పెద్ద తాంబాళంలో కానుగ గింజలు. పక్కన ఆముదం చెంబు. అరచేతుల్లో నూనె పోసుకుని, రెండు చేతులతో గింజలకు పట్టించి పట్టించి పక్కకు నెడుతోంది. ఇద్దరు ఆడవాళ్లు వాటిని సంచికెత్తుతున్నారు. గింజలు నిగనిగలాడుతున్నాయి.

చూడగానే నాకు అర్థమైపోయింది. అర్థం కావడానికి ఏం కావాలి? కందులకూ పెసర్లకూ ప్రతి ఏడూ మా ఇంట్లో చేసేదే. దంచి కాచిన ఆముదం పట్టించి పెడితే గింజకు పురుగు రాదు. మరి నాకు ఇన్నాళ్లూ ఎందుకు తట్టలేదంటే, కానుగ గింజ చేదు విషం. దాన్ని పురుగు కూడా ముట్టదు, దానికి ఆముదం రాసే మనిషి ఉంటుందని ఎవరనుకుంటారు? పైగా కానుగ కంపు ముందు ఏ వాసనైనా దాక్కోవాల్సిందే. నా డాక్టరేటు ఆ చెంబులో కనిపించింది.

పెద్దాయన వంగి ఒక గింజ తీసుకున్నాడు. వేళ్ల మధ్య నలిపి వాసన చూశాడు. సారు వైపు తిరిగాడు. సారు చెవులు ఎర్రబడ్డాయి. ఆయన, ఇదేమిటమ్మా రాస్తున్నావని మా అమ్మను అడిగారు. పెద్ద సారు తనతో మాట్లాడినందుకు మా అమ్మ పొంగిపోయింది.

“ఆముదం సారూ. ఏడు సముద్రాలు దాటి పోతయంట గదా, నడుమల పురుగు వడ్తె ఎట్ల? ఊరి మాట వోతది. కందులకు రాసుకున్నట్టే మంచిగ రాసి పంపుతున్నం. పోయినేడు, ముందటేడు గూడ గిట్లనే పంపినం.”

సారు నా వైపు చూసి, ఆయనకు నువ్వే చెప్పు అని ఇంగ్లీషులో అన్నారు. ఆ గొంతు నేను అంతకు ముందు వినలేదు. మా అమ్మ నా ముఖం చూసింది, సారు ముఖం చూసింది. చదువు రాకపోతేనేం, కూలి జనానికి ముఖాలు చదవడం రాకపోతే బతుకు గడవదు. ఆమె చేతులు గింజల మీదే ఆగిపోయాయి. లేచి, నూనె చేతులు ఎక్కడ తుడుచుకోవాలో తెలియక దూరంగా పట్టుకుని, నా పక్కకొచ్చి నిలబడింది. చెవి దగ్గర మెల్లగా అడిగింది.

“చెడగొట్టిన్నా బిడ్డా?”

నా ముఖం చూసి ఆమె ఇంకొంచెం దగ్గరికి జరిగింది.

“నేను నీ తల్లినని చెప్పకు. కూలికొచ్చిన ముసల్ది తెల్వక చేసిందను.”

నేను ఆమె నూనె చెయ్యి పట్టుకుని, ఆ పెద్దాయనతో ఇంగ్లీషులో చెప్పేశాను. ఈమె మా అమ్మ. గింజలకు పురుగు పట్టకూడదని ఆముదం రాసింది. మీకు కనిపించిన ఆమ్లం మా చెట్లది కాదు, మా అమ్మ చేతిది. ఇంతే అన్నాను. అమ్మను దాచుకునేంత నీచురాలిని కానని అందరి ముందూ నిరూపించుకున్నానని ఆ క్షణంలో నాకు గర్వం కూడా వేసింది. ఆ గర్వం తలుచుకుంటేనే ఇప్పుడు ఎక్కువ సిగ్గు.

‘మదర్’ అన్న మాట మా అమ్మకు తెలుసు. నా చేతిలోంచి చెయ్యి లాక్కుంది. పెద్దాయన మంచివాడు. టోపీ తీసి, ఆమెకు రెండు చేతులూ జోడించాడు. తిట్టినా బాగుండేది. మా అమ్మ కొంగు నోట్లో కుక్కుకుని పందిరి గుంజ వెనక్కి పోయి నిలబడింది. మేం జీపెక్కేదాకా ఇవతలికి రాలేదు.

సారు సభలో చెప్పిన మాట వెనక్కి తీసుకుంటూ ఉత్తరం రాయాల్సి వచ్చింది. దాన్ని నా చేతే టైపు చేయించారు, నన్ను శిక్షించడానికేనేమో. ల్యాబులో నాకు ఆముదం డాక్టరమ్మ అని పేరు పెట్టారు. ఆ అధ్యాయం చింపేసి, ఆలేరు గింజల పిండి మీద మొదటినుంచి పని మొదలుపెట్టాను. పంటి బిగువున చేశాను. ఊరికి పోయినప్పుడల్లా ఆ సంగతి తీయొద్దని నేను అనుకునేదాన్ని, తనూ తీసేది కాదు. అన్నం పెట్టేది, తలకు నూనె రాస్తానని మాత్రం మళ్లీ ఎప్పుడూ అనలేదు.

చివరికి డాక్టరేటు వచ్చింది. పట్టా ఇచ్చే రోజుకు అమ్మను తీసుకుపోదామని ఆమెకు కొత్త చీర కొని ఊరికి పోయాను. చీర చూసి బాగుందంది. మడత విప్పి భుజం మీద వేసుకుని చూసుకుంది కూడా. తర్వాత, ఆ సారు వస్తాడా అని అడిగింది. రాకుండా ఎట్లుంటాడు, ఆయనే కదా మా సారు అన్నాను. ఆమె చీర మళ్లీ మడతపెట్టి నా సంచి మీద పెట్టింది. నాకు కోపమొచ్చింది. ఎప్పటి ముచ్చటో పట్టుకుని కూర్చుంటావా, నువ్వు లేకపోతే ఈ పట్టా ఎక్కడిది, నిన్ను అందరికీ చూపించుకోవాలని నాకుండదా అని అరిచాను. ఆమె అరవలేదు. నా జడ సర్దుతూ చెప్పింది.

“నువ్వా దినం చెప్పకపోతె వచ్చేదాన్ని బిడ్డా. కూలామె అనుకుంటె అంత మందిల నన్నెవరు గుర్తువడ్తరు? ఇప్పుడు నన్ను జూస్తె వాళ్లకు నువ్వు యాదికి రావు, ఆముదం యాదికొస్తది.”

ఎంత బతిమాలినా కదల్లేదు. పొద్దున కొత్తకోటలో హైదరాబాదు బస్సు నేనొక్కదాన్నే ఎక్కాను.