కూలని కప్పు

మధ్యాహ్నం మూడు దాటితే నా భార్య వాకిట్లోకి వచ్చి నిలబడుతుంది. మతిమరుపు జబ్బు వచ్చాక, మనిషి గోదావరిఖనిలోనే ఉన్నా ఈ కాలంలో ఉండదు. ముప్పై నాలుగేళ్ల వెనక, నేను బొగ్గుబాయిలో పనిచేసేనాటి ఒకే ఒక్క రోజులో ఉంటుంది. అప్పుడు ఆమెకు ఇరవై మూడేళ్లు. లోపల మూడేళ్ల మా బిడ్డ జ్వరంతో పడుకుని ఉంది.

నన్ను గుర్తుపట్టదు. నెరిసిన తల చూసి పక్కింటి ముసలాయన అనుకుంటుంది.

"కాకా, మా ఆయిన కనవడ్డడా? బాయిల కప్పు కూలిందట. పొద్దున పోయిన మనిషి ఇంక రాలే."

ఆ కబురు పంపింది నేనే.

ఆ రోజు మొదటి షిఫ్టు దిగి, ఇంటికి పోకుండా దోస్తు క్వార్టరులో పేకాటకు కూర్చున్నాను. మంచి ముక్కలు పడుతున్నాయి. పక్కింటి అన్న వెతుక్కుంటూ వచ్చి, "బిడ్డ కండ్లు తెరుస్తలేదట, జల్ది రా" అన్నాడు. పొద్దున నేను బయలుదేరినప్పుడు ఒళ్లు కాస్త వెచ్చగా ఉంది, అంతే. ఉత్త కంగారు అనుకున్నాను.

"బాయిల కప్పు కూలింది, డ్యూటీల ఆపిండ్రని చెప్పన్నా. ఇంకో రెండాటలు ఆడి వస్త."

ఆయన నన్ను ఒకసారి చూసి వెళ్లిపోయాడు.

పల్లె నుంచి కాపురానికి వచ్చి నాలుగేళ్లయినా ఆమె ఒంటరిగా దవాఖానకు పోయి ఎరగదు. బిడ్డను భుజాన వేసుకుని నా కోసం ఎదురుచూసింది. నేను దీపాలు పెట్టే వేళకు వచ్చాను. దవాఖానలో డాక్టరు బిడ్డ కనురెప్పలు ఎత్తి చూసి, ఆలస్యమైందన్నాడు.

ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. ఏడుస్తూనే నా తల, భుజాలు తడిమి చూసింది, ఎక్కడైనా దెబ్బ తగిలిందేమోనని. పక్కింటి అన్న కూడా చచ్చేదాకా నోరు విప్పలేదు. నేనూ విప్పలేదు.

ఈ వేసవిలో ఒకనాడు ఆమె చెప్పుల్లేకుండా ఎండలో రోడ్డెక్కింది. షేర్ ఆటోలను ఆపి, "బాయి మీదికి తోలుండ్రి, మా ఆయిన మట్టి కింద ఉన్నడు" అని బతిమాలుతోంది. చెయ్యి పట్టుకుని నీడలో కూర్చోబెట్టాను. ఇక తట్టుకోలేకపోయాను.

"కప్పు కూలలే బిడ్డా," అన్నాను. కట్టుకున్న భార్యను బిడ్డా అని పిలిచాను. "మీ ఆయిన అబద్ధం చెప్పి పంపిండు. పత్తాలాడుకుంట కూసున్నడు."

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను. ఆమె నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"అయితే మంచిగనే ఉన్నడా?"

"ఉన్నడు."

కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. "బతికుంటే సాలు. జర తోల్కరా కాకా. బిడ్డ ఒళ్లు కాలిపోతున్నది."

ఏం చెయ్యాలో తోచక ఆటోలో దవాఖానకు తీసుకుపోయాను. దారంతా ఖాళీ కొంగును ఒడిలో పొదివి పట్టుకుంది. నర్సుకు చాటుగా సంగతి చెప్పాను. ఆ అమ్మాయి కొంగు మీద చెయ్యి వేసి, "జరం తగ్గింది అవ్వా, ఫికర్ చెయ్యకు" అన్నది.

మరునాడు మూడింటికి ఆమె మళ్లీ వాకిట్లోకి వచ్చింది. మళ్లీ చెప్పాను. నాలుగు నెలలుగా రోజూ చెబుతున్నాను. రోజూ మొదటిసారి విన్నట్టే విని, నన్ను క్షమిస్తుంది. తాను క్షమించింది నన్నేనని ఆమెకు తెలియదు.

బిడ్డ సంగతి మాత్రం ఇంతవరకూ చెప్పలేదు. అడిగితే, పడుకుందంటాను.