వాలుగలో సగం

మా ఆయనకి ఆదివారం అంటే మత్స్యగెడ్డ. ముంచింగిపుట్టు బడిలో నేను లెక్కలు చెబుతాను, ఆయన సోషల్ చెబుతారు. మైదానం నుంచి ఉద్యోగాల మీద వచ్చి ఈ కొండల్లోనే ఉండిపోయాం. వారమంతా పిల్లల మీద అరిచే మనిషి ఆదివారం గాలం కర్ర పట్టుకుని నోరు మెదపకుండా ఒడ్డున కూర్చునేవారు. పేరుకే అది గెడ్డ, అంటే వాగు. అవతలి ఒడ్డున మేకలు చీమల్లా కనిపించేంత వెడల్పు. ఆయనకి కావలసింది వాలుగ చేప ఒక్కటే. పొలుసు లేని ఒళ్ళు, పొడుగాటి మీసాలు, తలంతా నోరే. "బొచ్చె ఎవరైనా పడతారు" అనేవారు. నాకు మాత్రం ఆ మీసాలు చూస్తే మా పెదమావగారు గుర్తొచ్చి కూర గొంతు దిగేది కాదు.

పోయిన ఏడాది ఆయనకి పక్షవాతం వచ్చింది. కాలు తేరుకుంది, మాట తేరుకుంది, కుడి చెయ్యి మాత్రం సగమే తేరుకుంది. అన్నిటికంటే ముందు తేరుకున్నది పౌరుషం, అదీ నా ఖర్మ. పొద్దున్నే చొక్కా గుండీలతో ఆయన కుస్తీ పడుతుంటే, బడికి వేళవుతోందని నా చెయ్యి ఊరుకునేది కాదు. "వదులు" అని విదిలించేవారు. నేను తక్కువదాన్నా? "అలాగే వచ్చెయ్యండి, పిల్లలు చూసి సంతోషిస్తారు" అనేదాన్ని. నేను పెళ్ళాన్ని కాస్తా నర్సునైపోయానని ఆయన బాధ. మనిషి నాకు దూరమైపోతున్నారని నా భయం.

చలి మొదలయ్యాక ఒక ఆదివారం ఆయన అటక మీంచి గాలం కర్ర దించారు. వద్దంటే వినరు కాబట్టి నేనూ వెంట వెళ్ళాను. ఎరకోసం తెచ్చిన కోడిపేగుల డబ్బా మొయ్యడం, అదొక్కటే నాకు దక్కిన పని.

రేవులో ఆయన పాత జోడీ, పక్క ఊరి ముసలి రైతు, అప్పటికే కూర్చుని ఉన్నాడు. చోళ్ళ పంట కోసేశాక అతనికీ ఇదే కాలక్షేపం. ఆ రేవులో వాళ్ళకో కట్టుబాటు ఉంది. ఎవరి గాలానికి పడ్డ చేపని వాళ్ళే లాగాలి. అడగనిదే పక్కవాళ్ళు దారం ముట్టుకోకూడదు. అడిగి సాయం చేయించుకుంటే మాత్రం చేపలో సగం ఆ సాయం పట్టిన చేతిది. అన్నదమ్ములైనా, మొగుడూ పెళ్ళాలైనా ఇంతే.

మధ్యాహ్నం దాకా చిన్న జెల్ల కూడా తగల్లేదు. నేను అన్నం క్యారేజీ విప్పుతుండగా ఆయన గాలం బెండు ఒక్కసారిగా మునిగిపోయింది. ఆయన లేచి, ఎడమ చేత్తో కర్ర బిగించి పట్టుకుని, కుడి చేత్తో తంగూసు దారం లాగబోయారు. వేళ్ళు పట్టు జారాయి. చేప లోతుకు పోయింది. మళ్ళీ లాగారు, మళ్ళీ జారింది. నేను క్యారేజీ పడేసి పరిగెత్తాను.

"ఏటి సేత్తన్నావు మేడమ్!" అని అరిచాడు ముసలాయన. "ముట్టకు. సారుని అడగనీ."

ఆగిపోయాను. రెండు చేతులూ చంకల్లో దాచుకుని నిలబడ్డాను. అంత కష్టమైన పని నా జన్మలో చెయ్యలేదు. నీళ్ళ మీద మీసాల తల ఒకసారి తేలింది. వాలుగే. ఆయన మెడ నరాలు ఉబ్బాయి, కాలు బురదలో జారుతోంది. చేప పోతే పోయింది, ఈ రోజు ఓడిపోతే ఈ మనిషి మళ్ళీ దేనికీ చెయ్యి చాచరని నాకు తెలుసు. అడగండి, అడగండి అని లోలోపల మొక్కుకుంటూనే ఉన్నాను.

ఆయన తల తిప్పకుండానే అన్నారు: "ఏమే, పట్టు."

పట్టాను. దారం నా అరచేతిని కోసేసింది, అయినా వదల్లేదు. ఇద్దరం ఒకరి వెనక ఒకరం వెనక్కి నడుస్తూ దాన్ని ఇసుక మీదికి ఈడ్చాం. అక్కడే కూలబడి నేను ఏడ్చేశాను. చెయ్యి మండి అనుకున్నారు వాళ్ళిద్దరూ. అనుకోనిచ్చాను.

ముసలాయన కత్తి తీసి వాలుగని రెండు చేశాడు. తలవైపు సారుకి, తోకవైపు నాకు, వేరువేరుగా అడ్డాకుల్లో చుట్టాడు.

"ఒకే ఇంటికి కదా తాతా, రెండు పొట్లాలెందుకు?" అన్నాను.

"ఇల్లొకటే. సేతులు ఏరు కదా మేడమ్" అన్నాడు, నవ్వకుండా.

ఆ రాత్రి రెండు పొట్లాలూ ఒకే దాకలో ఉడికాయి. నేను కూడా తిన్నాను.

మర్నాడు పొద్దున్నే ఆయన గుండీలు పెట్టని చొక్కాతో వంటింట్లోకి వచ్చి నా ఎదురుగా నిలబడ్డారు. ఈసారి తొందరపడలేదు నేను. చేతులు కొంగుకి తుడుచుకుంటూ ఊరుకున్నాను.

"అడుగుతున్నాను కదే, పెట్టు. చొక్కాలో సగం నీదే" అన్నారు.

కోసుకున్న చేతికి కట్టు ఉండటంతో, ఆ గుండీలు పెట్టడానికి నాకూ ఆయనకి పట్టినంత సేపే పట్టింది.