ఫోను ఆగిపోయాక వినబడిన నా మాట

ఎండిన నేల మీద మమ్మల్ని ఇంతవరకు నిలబెట్టిన నా ప్రభువుకు ముందుగా స్తోత్రం. నలుగురిలో నోరు తెరవలేని నాకు మాట ఇచ్చిన దేవునికి మహిమ కలుగును గాక. ఆయన చేసింది చెప్పకుండా దాచుకోవడం తప్పని అనిపించి ఇది రాస్తున్నాను.

నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. చిన్నప్పటి నుంచీ లేదు. ఇంకో మాట కూడా ఒప్పుకుంటాను. ఆదివారం సంఘంలో వినే సాక్ష్యాలన్నిటినీ కూడా నేను విన్న వెంటనే నమ్మేదాన్ని కాదు. పెట్రోలు అయిపోయినా బండి ఇంటిదాకా వచ్చిందని ఎవరైనా చెబితే, ట్యాంకు అడుగున కొంచెం మిగిలి ఉంటుందిలే అనుకునే రకం. దేవుణ్ణి నమ్ముతాను. మనుషుల లెక్కను మాత్రం రెండుసార్లు చూస్తాను.

మాది కంబదూరు దగ్గర ఒక పల్లె. వానను నమ్ముకుని వేరుశనగ వేసే ఊరు. నేను కళ్యాణదుర్గంలో డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నప్పుడు జరిగింది ఇది. మాకు ఇంటర్న్‌షిప్ చేస్తేనే సెమిస్టరు పూర్తవుతుంది. నాకు వచ్చింది వర్చువల్ ఇంటర్న్‌షిప్. అంటే కంపెనీ బెంగళూరులో, నేను మా పల్లెలో. వాళ్ళు ఫోనులోనే పని నేర్పిస్తారు, ఫోనులోనే పని అడుగుతారు. రెండు నెలలు నాకు పని చెప్పిన మేడమ్‌ను నేను ఒక్కసారి కూడా నేరుగా చూడలేదు.

ఈ పని మా నాయనకు ఎంతకీ అర్థం కాలేదు. "కూలికి పోతే సాయంత్రానికి తెలుస్తాది పాపా, ఎన్ని సాళ్ళు తవ్వినామో. నువ్వు పొద్దంతా చేసింది యాడుండాది? చూపీ," అనేవాడు. ఎక్సెల్ షీట్ చూపిస్తే, "గళ్ళు బాగుండాయి. పైరేదీ?" అనేవాడు.

నాయన తప్పు లేదు. రాయదుర్గంలో జీన్స్ కుట్టే యూనిట్‌లో పనిచేసే మా మేనత్త, అక్కడ నాకు ఒక మిషను ఖాళీగా ఉందని కబురు పెట్టింది. ఈ సెమిస్టరు గట్టెక్కితే చదువు, లేకపోతే మిషను అని నాయన తేల్చి చెప్పాడు. కుట్టుపనిని నేను తక్కువ చేయను, మా అత్త ఆ పనితోనే ఇల్లు నిలబెట్టింది. కానీ నాకు చదువుకోవాలని ఉంది. అదంతా చివరి రోజు పదిహేను నిమిషాల ప్రజెంటేషన్ మీద ఆధారపడింది.

ప్రాజెక్టుకు ఏదైనా సమాచారం సొంతంగా సేకరించమన్నారు. మా ఇంట్లో ఏం సమాచారం ఉంటుంది? అటక మీద పాత క్యాలెండర్లు ఉన్నాయి. ప్రతి సంవత్సరం చర్చిలో ఇచ్చేవి, రోజుకొక వాక్యం ఉండేవి. వాక్యం ఉన్న కాగితాన్ని మా ఇళ్ళలో పారేయరు. చించరు, పొట్లం కట్టరు. అందుకే మా అవ్వ కాలం నుంచీ అలాగే ఉన్నాయి. వాన పడిన ప్రతి రోజునా నాయన ఆ గడిలో ఒక గీత పెట్టేవాడు. విత్తడానికి సరిపడా నేల తడిసి మంచి పదునైతే రెండు గీతలు. విత్తిన రోజు సున్నా.

ఏ ఏడు పంట ఎండిందో, ఏ ఏడు పండిందో నాయననే అడిగి రాసుకుని, ఆ గీతలన్నిటితో కలిపి కాలేజీ ల్యాబులో కూర్చుని కంప్యూటర్లోకి ఎక్కించాను. ఒక సంగతి బయటపడింది. మొదటి పదునుకే తొందరపడి విత్తిన ఏళ్ళలో, తర్వాతి వాన ఆలస్యమై పైరు ఎండినవే ఎక్కువ. రెండో వాన దాకా ఆగిన ఏళ్ళు కొన్నే, కానీ అవే బాగున్నాయి. మేడమ్ చాలా సంతోషించింది. "ఇలాంటి డేటా మాకు డబ్బు పెట్టినా దొరకదు," అంది.

ప్రజెంటేషన్ శుక్రవారం మధ్యాహ్నం మూడింటికి. మా ఊళ్ళో సిగ్నల్ సరిగ్గా దొరికేది గుట్ట మీద ఉన్న మా చర్చిలోనే, అదీ రెండో కిటికీ దగ్గరే. స్లైడ్లు ముందే పంపేశాను. మేడమ్ అక్కడ తిప్పుతుంది, నేను మాట్లాడాలి అంతే. సిగ్నల్ సరిపోదని వీడియో ఆపేయమంది. మధ్యలో ఎవరూ అడ్డురారు, ప్రశ్నలు చివర్లో అని కూడా చెప్పింది.

పొద్దున్నుంచీ కరెంటు లేదు. ఫోను పాతది, ఛార్జింగు పావు వంతు ఉంది. స్పీకరు పెట్టి కిటికీ గట్టు మీద ఉంచి, నేను ఎదురుగా మోకరించాను. భయం పట్టుకుంది. అందుకే కళ్ళు మూసుకున్నాను. మమ్మల్ని చిన్నప్పటి నుంచీ అలాగే పెంచారు. కళ్ళు మూసుకుంటే ఆమెన్ అనేదాకా తెరవకూడదు. కళ్ళు మూసుకున్నాక భయం తగ్గింది. బట్టీ పట్టిన ఇంగ్లీషు ధారగా వచ్చింది.

నేను మరిచిపోయింది ఒక్కటే. శుక్రవారం మధ్యాహ్నం స్త్రీల ఉపవాస కూడిక.

వాళ్ళు తొమ్మిది మంది వచ్చారు. నడిపించేది సారమ్మ పెద్దమ్మ. నేను కిటికీ వైపు తిరిగి, కళ్ళు మూసుకుని, చేతులు ఊపుతూ గడగడా మాట్లాడటం ఆమె చూసిందట. గడపలోనే ఆగిపోయిందట. ఆత్మ నిండినవాళ్ళు తమకే తెలియని భాషల్లో మాట్లాడతారని మా సంఘంలో నమ్ముతారు. తర్వాత జరిగిన మాటలు నాకు వెనక నుంచి వినబడుతూనే ఉన్నాయి.

"ఏమ్మే, పాప భాషలు మాట్లాడతాండాదే! ఆత్మ దిగినాడు. మోకాళ్ళూనండి అందరూ!"

"అది ఇంగ్లీషు గదక్కా?"

"ఇంగ్లీషైతే కండ్లు మూసుకొని మాట్లాడతారా ఎవురన్నా? ఊరుకోవే, అవిశ్వాసీ!"

తొమ్మిది మందీ నా చుట్టూ మోకరించారు. నేను ఒక్కో స్లైడూ ముగించినప్పుడల్లా "స్తోత్రం!" అన్నారు. ఆపమని చెబితే ఆ మాట కూడా అవతల వినబడుతుంది. నవ్వు వస్తోంది, ఏడుపు వస్తోంది. ఆపకుండా చివరిదాకా చెప్పేశాను.

చెప్పాక ప్రశ్నల కోసం ఎదురుచూశాను. ఏ ప్రశ్నా రాలేదు. ఇంత గోల విని కోపం వచ్చిందేమో అనుకున్నాను. ఇంక నా చేతిలో ఏమీ లేదని, కళ్ళు మూసుకునే, తెలుగులో, మెల్లగా ప్రార్థన చేసుకున్నాను.

"ప్రభువా, ఇది నా మార్కుల కోసమే కాకూడదు. ఒక వాన చూసి తొందరపడి విత్తనం పోగొట్టుకునే మా నాయన లాంటోళ్ళకి పనికి రావాల. రెండో వాన దాకా ఆగండి అని చెప్పే ధైర్యం నాకియ్యి. వాళ్ళకు వినే మనసియ్యి."

వెనక తొమ్మిది గొంతులు ఒక్కసారిగా "ఆమెన్!" అన్నాయి. కళ్ళు తెరిచాను.

ఫోను తెర నల్లగా ఉంది. బటను నొక్కాను, పట్టి ఉంచాను, వెలగలేదు. పూర్తిగా ఆగిపోయింది. ఎప్పుడు ఆగిందో తెలియదు. నేను అక్కడే కూలబడి ఏడ్చాను. సారమ్మ పెద్దమ్మ నన్ను ఒళ్ళోకి తీసుకుని, "వరం వచ్చినప్పుడు ఏడుపొస్తాది పాపా, మంచిదే," అని తల నిమిరింది. నా బాధ ఆమెకు ఎలా చెప్పను?

సాయంత్రం కరెంటు వచ్చాక ఫోను వెలిగింది. మేడమ్ మెసేజ్ ఉంది. బాగా చెప్పావు, చివరి జవాబు అందరికీ నచ్చింది, పాసయ్యావు అని. వేరే అమ్మాయికి పంపబోయి నాకు పంపిందనుకున్నాను.

మర్నాడు ఫోను చేసి, నేను మధ్యలోనే తెగిపోయాను కదా అని అడిగాను. మేడమ్ నవ్వి రికార్డింగు పంపింది.

అందులో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. మీటింగు ముప్పై నాలుగు నిమిషాలు నడిచింది, మొదటి పది నిమిషాలు పరిచయాలకే పోయాయి. ఎవరు ఎప్పుడు వచ్చారో, ఎప్పుడు వెళ్ళారో చూపే జాబితాలో, నేను పంతొమ్మిదో నిమిషంలో వెళ్ళిపోయినట్టు ఉంది. తెర మీద నా పేరు కూడా అప్పుడే పోయింది. నా గొంతు మాత్రం పోలేదు. చివరి స్లైడు దాకా ఉంది. సారమ్మ పెద్దమ్మ స్తోత్రాలు కూడా ఉన్నాయి.

తర్వాత కంపెనీ పెద్దాయన ఒకరు ఇంగ్లీషులో అడిగారు. ఈ పని వల్ల ఎవరికి మేలు, వాళ్ళకు నువ్వేం చెబుతావు అని. ఆ వెంటనే నా ప్రార్థన వినబడింది, మొదటి మాట నుంచి తొమ్మిది మంది ఆమెన్ దాకా. తెలుగు తెలిసిన ఒకాయన మిగతావారికి దాన్ని ఇంగ్లీషులో చెప్పారు.

ఆ ప్రశ్న నేను వినలేదు. స్పీకరు పెట్టిన ఫోను మూరెడు దూరంలో ఉంది. ఆ తొమ్మిది మందిని విడివిడిగా అడిగాను. మగగొంతు ఏదీ వినలేదనే చెప్పారు.

మా కాలేజీ కంప్యూటర్ సారుకు చూపించాను. తెర ఆరినా కాల్ నడుస్తూ ఉండవచ్చన్నారు. మరి ప్రశ్న ఎందుకు వినబడలేదంటే, జాబితా మళ్ళీ మొదటి నుంచి చదివారు. పాస్టరు గారు రెండుసార్లు విని, "దీని మీద నేను ప్రసంగం చెయ్యనమ్మా. జరిగింది జరిగినట్టు చెప్పు, ఏమీ కలపొద్దు," అన్నారు. ఏమీ కలపలేదు. ఇది ఎలా జరిగిందో నాకు ఇప్పటికీ తెలియదు.

నాయనకు వినిపించినప్పుడు మాత్రం ఇంట్లో పండగే. "యా వాన యా రోజు పడిందో అంతా చెప్తాండాది! నా వానలన్నీ ఇంగ్లీషులో పడతాండాయి గదప్పా!" అని పగలబడి నవ్వాడు. మేనత్తకు తనే ఫోను చేసి ఆ మిషను వేరేవాళ్ళకు ఇప్పించమన్నాడు. సారమ్మ పెద్దమ్మ ఇప్పటికీ ఒప్పుకోదు. ప్రతి శుక్రవారం, "ఆ భాష ఇంగొకసారి మాట్లాడు పాపా," అని అడుగుతుంది.

ఈ ఏడు మొదటి వాన పడింది. ఊరంతా విత్తింది. మా చేను మాత్రం దున్ని అలాగే ఉంది. దారిన పోయేవాళ్ళు, "ఏమన్నా, కూతురు సర్టిఫికెట్టు తెచ్చినాక విత్తేది మరిచిపోయినావా?" అని ఎగతాళి చేస్తున్నారు. విత్తుదామా నాయనా అని నేనే భయపడి అడిగాను. "నువ్వు చెప్పాల్సింది దేవునితో చెప్పేసినావు. నడమ నేనెవురు? ఆగుతా," అన్నాడు.

ఇది చదువుతున్న అన్నలారా, అక్కలారా, మీరు ఎక్కడున్నా నాతో ఒక్క మాట కలపండి. రెండో వాన త్వరగా రావాలని అడగండి. ముందు విత్తినవాళ్ళ మొలకలు ఎండకముందే రావాలని అడగండి. నా ప్రాజెక్టు తప్పని తేలినా సరే, ఈ ఏడు మా ఊళ్ళో ఒక్క చేను కూడా ఎండకూడదు. ఆమెన్.