ఎర్ర దారం

ఆ ఊళ్లో ఆమెను అందరూ భయాలక్క అనేవారు. ఆ పేరు పెట్టింది సొంత తమ్ముడే. చీమ చిటుక్కుమన్నా ఉలిక్కిపడే మనిషి మరి. ఎదురుగా మబ్బుల్లోకి పోయిన కొండ, దాని వెనక వైపున జంతువుల అడవి. ఆ రెండూ చూడటానికి ఎక్కడెక్కడి జనమో వస్తుంటే, ఈమె మాత్రం పెళ్లై వచ్చిన పంతొమ్మిదేళ్లలో కొండ మీద అడుగు పెట్టలేదు, అడవిలోకి తొంగి చూడలేదు. భర్తేమో కొండెక్కించే గైడు. అక్క వెంట వచ్చి అక్కడే స్థిరపడిన తమ్ముడు సఫారీ జీపు డ్రైవరు. ఇద్దరికీ భయమన్న మాటే తెలియదు. ఇంటిల్లిపాదికీ సరిపడా భయం తానొక్కతే పడుతున్నానని ఆమె అనేది, అందులో అబద్ధం లేదు.

ఆ భయం వల్లే ఆమెకు ఉద్యోగం కూడా వచ్చింది. భర్త పనిచేసే కంపెనీ యజమాని ఒకసారి వాళ్లింటికి వచ్చినప్పుడు, ఆమె భర్త తాడును అంగుళం అంగుళం తడిమి చూస్తూ కనిపించింది. ధైర్యం ఉన్నవాళ్లు తాడు చూడరు, పిరికివాళ్లే చూస్తారని చెప్పి, ఆయన కంపెనీ తాళ్లన్నీ ఆమెకే అప్పగించాడు.

అప్పటి నుంచి కొండ మీద నుంచి దిగిన తాళ్లు నేరుగా ఆమె వంటగది పక్క గదికి వస్తాయి. పీట మీద కూర్చుని, కళ్లు మూసుకుని, నల్ల టేపు చుట్టిన కొస నుంచి మొదలుపెట్టి ఒక్కో బారనూ బొటనవేలి కింద నుంచి లాగుతుంది. పై తొడుగు కొత్తదానిలా మెరుస్తున్నా, లోపలి పోగులు తెగితే అక్కడ తాడు మెత్తగా నొక్కుకుపోతుంది. అది కంటికి కనిపించదు, వేలికే తెలుస్తుంది. అలాంటి చోటు దొరికితే ఎన్నో బారలో ఉందో గుర్తుపెట్టుకుని, కొసకు ఎర్ర దారం కడుతుంది. ఎర్ర దారం ఉన్న తాడు ఇక కొండెక్కదు. జీపుల షెడ్డుకు పోయి సామాన్లు కట్టడానికి పనికొస్తుంది.

ఆమె చేతులు పొట్టివి. భర్త బార కంటే ఆమె బార జానెడు తక్కువ. ఆమె లెక్కలో కొలిస్తే కొండ కూడా ఇంకాస్త పొడుగైపోతుందని భర్త ఏడిపించేవాడు.

ఆరోజు భర్త ముగ్గురిని వెంటబెట్టుకుని కొండకు పోయి మూడో రోజు. తమ్ముడు అన్నం డబ్బా మరిచిపోయాడని ఆమె షెడ్డుకు వెళ్లింది. అతను జీపు మీద సామాను కడుతున్నాడు. నీలం తాడు, కొసకు ఆమె కట్టిన ఎర్ర దారం. అలవాటుకొద్దీ దాని మీద చెయ్యి వేసింది. గట్టిగా ఉంది. ఇంకో బార లాగింది. అదీ గట్టిగానే ఉంది. కట్టిన సామానంతా విప్పించి, తమ్ముడు సణుగుతున్నా వినకుండా, ఈ కొస నుంచి ఆ కొస దాకా రెండుసార్లు చూసింది. ఎక్కడా మెత్తదనం లేదు.

అప్పుడు గుర్తొచ్చింది. ఐదు రోజుల కిందట ఒకే రంగు తాళ్లు రెండు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఒకదాంట్లో పదకొండో బార దగ్గర మెత్తన చోటు దొరికింది. అంతలో పొయ్యి మీద పాలు పొంగుతున్న వాసన వస్తే లేచి పరుగెత్తింది. తిరిగొచ్చి కూర్చుని, చేతికి దగ్గరగా ఉన్నదానికి దారం కట్టేసింది. మంచి తాడు షెడ్డుకొచ్చింది. రెండోది భర్త భుజాన కొండెక్కింది.

మూడో రోజంటే నిలువు బండ ఎక్కే రోజు. పొద్దున్నే తాడు మీద ఎక్కి, శిఖరం చూసి, మధ్యాహ్నం మళ్లీ అదే తాడు మీద దిగాలి. కంపెనీ వైర్‌లెస్‌లో గరగర తప్ప మరేమీ వినిపించలేదు. బండ కొండకు అవతలి వైపు ఉంది. అక్కడికి మాట అందేది అడవి అవతల ఉన్న అటవీ చౌకీ నుంచే. చౌకీకి దారి సఫారీ బాట ఒక్కటే. ఆమె వెళ్లి తమ్ముడి పక్క సీట్లో కూర్చుంది. వెనక సీట్లలో జంతువులు చూడటానికి వచ్చిన ఐదుగురు ఉన్నారు.

అడవిలో ఏమేం కనిపించాయో ఆమెను అడిగితే ఇప్పటికీ చెప్పలేదు. జింకలట, అడవి దున్నలట. వెనకవాళ్లు ఆపమన్న ప్రతిచోటా తమ్ముడు ఆపకుండానే పోనిచ్చాడు. ఒక్కచోట మాత్రం ఆపక తప్పలేదు. చౌకీ రేకుల కప్పు చెట్ల సందున కనిపిస్తుండగా, బాటకు అడ్డంగా ఒక ఏనుగు, దాని పొట్ట కింద పిల్ల. తమ్ముడు ఇంజను ఆపేశాడు. అక్కడ హారన్ కొట్టకూడదు, బండి దిగకూడదు. అది తప్పుకునేదాకా కూర్చోవడమే.

వెనకవాళ్లు ఊపిరి బిగబట్టి ఫొటోలు తీసుకుంటున్నారు. వాళ్లు దేనికోసం ఇంత దూరం వచ్చారో అది దొరికింది. అది కాసేపు నిలబడితే బాగుండునని వాళ్లు, తొలగిపోతే చాలునని ఆమె. ఇరవై నిమిషాలు గడిచాయి. ఆమె తలుపు మీద చెయ్యి వేసింది.

"నేను నడిచి వెళ్తాన్రా."

తమ్ముడు ఆమె మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు. "అక్కా, అది పిల్లతో ఉంది. నువ్వు దిగితే నిన్నూ ఉంచదు, బండినీ ఉంచదు."

ఏనుగు నాలుగడుగులు ముందుకు వేసి, తొండం చాచి జీపు ముందు భాగాన్ని వాసన చూసింది. వెనక ఒకామె సన్నగా ఏడవడం మొదలుపెట్టింది. భయాలక్కకు మాత్రం ఏనుగంటే భయం వేయలేదు. ఉన్న భయమంతా బండ మీద, పదకొండో బార దగ్గర వేలాడుతోంది. ఇంకో పావుగంటకు ఏనుగు పిల్లను తోసుకుంటూ పొదల్లోకి వెళ్లింది.

చౌకీలో గార్డు మూడుసార్లు పిలిచాక భర్త గొంతు వినిపించింది. బండ పైనే ఉన్నాడు, దిగడానికి సిద్ధమవుతున్నారు. పిలుస్తున్నది భార్య అని తెలిసి నవ్వాడు. అడవి దాటి వచ్చావంటే అక్కడ పులులన్నీ బాగానే ఉన్నాయా అని అడిగాడు.

"ఏవండీ, మీ దగ్గరున్న నీలం తాడు మంచిది కాదు. దారం పొరపాటున రెండోదానికి కట్టాను."

"దాని మీదే నలుగురం ఎక్కాం," అన్నాడు భర్త. "ఇంకోటి ఉంది గానీ పొట్టిది. సగం బండకే వస్తుంది."

"మెత్తన చోటు పదకొండో బారలో ఉంది. నల్ల టేపు కొస నుంచి. మీ బారలు కావు, నా బారలు."

"నీ బార నాకు తెలుసులే. మిగతా తాడంతా గట్టిదేనా?"

అంత తప్పు చేసిన మనిషి ఏ ముఖం పెట్టుకుని అవునంటుంది? అయినా చూసిన వేళ్లు ఆమెవే.

"గట్టిదే. చూడటంలో తప్పు లేదు, దారం కట్టడంలోనే తప్పు."

చేతి తొడుగులు తీసేసి, కళ్లు మూసుకుని చూడమంది. మంచుగాలిలో ఉత్త చేతులతో ఆయన తాడు లాగుతున్నాడని ఆమెకు తెలుసు. వినిపించేది గాలి హోరే. తొమ్మిదో బార దాటాను, అన్నాడు. కాసేపటికి, దొరికింది, అన్నాడు. ఆ మెత్తన ముక్క ఉచ్చులా వదులుగా వేలాడేలా, బరువంతా దానికి అటూ ఇటూ ఉన్న గట్టి తాడు మీదే పడేలా ముడి వేస్తానని, ఆ ముడి దగ్గర ఒక్కొక్కరూ ఆగి జాగ్రత్తగా దాటి దిగాలని చెప్పి ఆపేశాడు.

గార్డు మంచినీళ్లు ఇచ్చాడు, తాగలేదు. కుర్చీ చూపించాడు, కూర్చోలేదు. సఫారీ వాళ్లు తిరిగి వెళ్లిపోదామని గొడవ చేస్తే, మా బావ దిగేదాకా బండి కదలదని తమ్ముడు చెప్పేశాడు. గంటన్నర తర్వాత వైర్‌లెస్ పలికింది. అందరం దిగాం, అంతే. ఆమె బల్ల మీద తల వాల్చి, పరాయి మనుషులున్నారని కూడా చూడకుండా ఏడ్చింది.

రెండు రోజులకు భర్త ఇంటికొచ్చాడు. ఇక తాళ్లు తన వల్ల కాదని, యజమానికి చెప్పేయమని ఆమె గుమ్మంలోనే అంది. ఆయన లోపలికి వచ్చి, నీలం తాడు ఆమె ఒళ్లో పెట్టాడు. మధ్యలో ఆ ముడి అలాగే ఉంది.

"ఇది నువ్వే విప్పాలి. రెండు రోజుల నుంచి చూస్తున్నా, నా వల్ల కావట్లేదు."

ముందు దిగిందెవరని ఆమె అడిగింది. తనే అన్నాడు. దిగినంతసేపూ భయం వేసిందని, పుట్టాక అంత భయం ఎప్పుడూ ఎరగనని చెప్పాడు. ఆమె గోళ్లతో కాస్త కాస్తగా ముడి విప్పి, మెత్తన చోటు వెతికి, ఆయన బొటనవేలు పట్టుకుని దాని మీద పెట్టింది. ఆయన తాడు కొస పట్టుకుని ఉండగా ఎర్ర దారం కట్టింది. పొయ్యి మీద పాలు పొంగి పోతున్నా ఇద్దరిలో ఒక్కరూ లేవలేదు.