బల్లి నిద్రపోయిన చలికాలం

మా బావమరిది పుణెలో ఉద్యోగం వచ్చి వెళ్తూ, తను పెంచుకునే గడ్డం బల్లిని సిద్దిపేటలో మా ఇంట్లో వదిలాడు. అది ఆస్ట్రేలియా జాతిది, మూరెడు పొడవుంటుంది. కోపం వస్తే గొంతు కింద ముళ్ళు నల్లబడతాయి. దానితో పాటు ఒక అద్దాల పెట్టె, రెండు లైట్లు వచ్చాయి. ఒకటి వెచ్చదనానికి, రెండోది ఎండకు బదులు. ఎండాకాలంలో పద్నాలుగు గంటలు వెలగాలి, చలికాలానికి మెల్లగా పది గంటలకు తగ్గించాలి.

"సిద్దిపేటల ఎండకు కరువా? డాబా మీద పెట్టు," అన్నాడు బాపు, మా నాన్న. ఆయన రిటైరైన టీచరు, ఎవరి మాటా వినడు. మే నెలలో ఒకరోజు తనే పైకి తీసుకెళ్ళాడు. కాసేపటికే అది నోరు తెరిచి రొప్పడం చూసి, చంకలో పెట్టుకుని కిందికి పరుగెత్తుకొచ్చాడు. ఆ మధ్యాహ్నమంతా కూలర్ దాని వైపే తిరిగి ఉంది. మేము చెమటలో నానాం.

"మాకేమో లైట్ బంద్ చెయ్యుమంటవ్. గీ తొండకు పొద్దందాక లైట్లా?" అని అవ్వ, అంటే మా అమ్మ, నా మీద విరుచుకుపడింది.

కార్తీకం వచ్చాక లైట్ల సమయం తగ్గిస్తూ వచ్చాను. బల్లి తిండి మానేసి, పెట్టెలోని రాయి కిందికి దూరి కదలడం మానేసింది. బాపు పార అందుకున్నాడు. "సచ్చింది. జామచెట్టు పక్కకు బొంద తీస్త."

"గట్లెట్ల సస్తది? నిన్ననే కండ్లు తెరిచి నన్ను జూసింది!" అంటూ అవ్వ ఏడుపు అందుకుంది. అన్నాళ్ళు దాన్ని తిట్టిన మనిషే.

నేను కంగారుగా బావమరిదికి ఫోన్ చేశాను. వాడు పగలబడి నవ్వాడు. "పండుకున్నది బావా. వెలుతురు తగ్గితే సలికాలమొచ్చిందని దానికి ఎరుకైతది. రెండు మూడు నెలలు లేపకు."

అప్పటికే మోకాలి లోతు గొయ్యి తయారైంది. వృథా ఎందుకని బాపు అందులో నిమ్మ మొక్క నాటాడు. "తిండి లేదు, పని లేదు, నెలలకు నెలలు నిద్ర! సర్కారు నౌకరీల నాక్కూడ గింత సుఖం లేకుండె," అని సణిగాడు. ఏడుపు విని పరామర్శకు వచ్చిన పక్కింటావిడను అవ్వ గుమ్మంలోనే ఆపింది. "సప్పుడు జెయ్యకు, పండుకున్నది."

శివరాత్రి దాటాక లైట్ల సమయం కొంచెం కొంచెం పెంచాను. ఒక ఉదయం అది చిక్కి సగమై బయటికొచ్చి లైటు కింద కూర్చుంది. అవ్వ పొయ్యి మీద ఉప్మా వదిలేసి, పెరట్లో మునగాకు తెంపుకొచ్చింది.

"తిను బిడ్డా, ఎంత సన్నగైనవ్!"

అది ఆకుతో పాటు ఆవిడ వేలు కూడా కొరికింది. అప్పుడు అవ్వ తిట్టిన తిట్లు ఇక్కడ రాయలేను. ఆకులు మాత్రం రెండో చేత్తో పెడుతూనే ఉంది.