పాపం అన్న మాట

మొన్న హబ్సిగూడ మెట్రో మెట్ల మీద ఒక పెద్దాయన తూలి పడబోతే, పక్కనున్నావిడ "పాపం, పాపం" అంటూ చెయ్యి అందించింది. నాకు మా పెద్దమ్మ గుర్తొచ్చి నవ్వొచ్చింది. మనిషి పడబోతే నవ్వుతావా అన్నట్టు ఆవిడ నన్నో చూపు చూసింది.

తెలంగాణ రాష్ట్రం రాకముందు సంగతి. డిగ్రీ చదువుతూ నాచారంలో పెద్దమ్మ ఇంట్లో ఉండేదాన్ని. ఆమె మల్లాపూర్‌లో ఒక మందుల కంపెనీలో గోలీల షీట్లు తనిఖీ చేసేది. ఒక్క గూడు ఖాళీగా ఉన్నా షీటు మొత్తం పక్కన పడేయాలి. ఇంట్లోనూ అవే కళ్ళు. నా జడలో ఒక్క పాయ వదులైనా విప్పించి మళ్ళీ వేయించేది. అలాంటి మనిషి ఆ ఏడాది చర్చిలో ప్రభువు బల్ల నాడు, అంటే నెలకోసారి క్రీస్తు జ్ఞాపకంగా రొట్టె పంచే ఆదివారం, పాపం చేసినవాళ్ళు తినకూడదన్నట్టు, పళ్ళెం వస్తే ముట్టకుండా పక్కవాళ్ళకు అందించడం మొదలుపెట్టింది. ఒక నెల కాదు, ఐదు నెలలు. ఇంట్లో అన్నం కూడా సరిగా తినేది కాదు. నాకసలే ఆరా ఎక్కువ. అడిగి అడిగి ప్రాణం తీశాను.

చివరికి చెప్పింది. మంచం పట్టిన తన అత్త, అలిగి వెళ్ళిపోయిన చిన్నకొడుకు కోసం కలవరిస్తుంటే, పెద్దమ్మే "ఫోన్ జేసిండు, ఐతారం వస్తడంట" అన్నదట. అతను చేయనే లేదు. ముసలమ్మ శనివారమే నవ్వుముఖంతో కన్నుమూసింది. పెద్దమ్మ వెళ్ళి అయ్యగారికి, అంటే మా పాస్టరుగారికి, చెప్పుకుంది.

"ఏమన్నారు?"

"ఇంకేమంటరు? పాపం అన్నరు. అబద్ధమాడినా ఖూనీ జేసినా దేవుని ముందట ఒక్కటేనంట గద. ఒక్క గోలి లేకున్నా షీటంత పాయె."

ఒక్క ఆజ్ఞ తప్పినా అన్నీ తప్పినట్టేనన్న బైబిలు వాక్యానికి ఆమె పోలిక దగ్గరగానే ఉంది, నా తికమకంతా అదే. మరి అన్ని పాపాలూ ఒకటే అయితే, యేసు ప్రభువే తనను అప్పగించినవాడి పాపం మరీ ఎక్కువన్నాడు కదా! ఉండబట్టలేక మరుసటి ఆదివారం ఆమెను లాక్కెళ్ళి అయ్యగారి ముందు నిలబెట్టాను. ఆయన కోస్తా మనిషి. విని తెల్లబోయారు.

"పాపం, పాపం అన్నది జాలితోనమ్మా! ఆ ముసలావిడ మీద, మీ మీద!"

పెద్దమ్మ నవ్వలేదు. "గట్లయితే అబద్ధం పాపం కాదా?"

"పాపమే. ఖాళీ గూడున్న షీటూ, విషం నింపిన షీటూ రెండూ పక్కకే పోతాయి. అలాగని రెండూ ఒకటేనా? రెండోది మనిషిని చంపుతుంది. ఇక బల్ల అంటారా, పక్కన పడ్డవాళ్ళ కోసమేనమ్మా అది."

పై నెల ఆమె రొట్టె తీసుకుంది. నమలకుండా చాలాసేపు నోట్లోనే ఉంచుకుంది. ఆమె కళ్ళు తుడుచుకుంటుంటే నాకూ ఏడుపొచ్చింది.

ఆఖరి రోజుల్లో ఆమె దవాఖానా మంచం మీద నుంచి "నాకు తగ్గుతదా?" అని అడిగింది. "తగ్గుతుంది పెద్దమ్మా" అన్నాను. షీట్లు తనిఖీ చేసిన ఆ కళ్ళతో నన్ను కాసేపు చూసి, చిన్నగా నవ్వి, "పాపం" అంది. అది ఏ పాపమో ఇన్నేళ్ళయినా తేల్చుకోలేకపోయాను.