మోషేగారి నాజిల్ కాగితం

మా అల్లవరంలో ఆయిలింజను మొరాయిస్తే అందరూ వెళ్ళేది మోషేగారి షాపుకే. నలభై ఏళ్లుగా నాజిళ్లు బాగుచేస్తున్న మనిషి. నాజిల్ అంటే ఇంజనులోకి డీజిలును చిమ్మే చిన్న ఇనప ముక్కు. తుంపర ఎంత సన్నగా ఉంటే మంట అంత శుభ్రంగా అంటుకుంటుంది.

షాపు తెరవగానే ఆయన కళ్ళు మూసుకుని కాసేపు ప్రార్థన చేసుకుంటారు. తరవాత నాజిల్‌ను చేతిపంపుకు బిగించి, జానెడు దూరంలో తెల్లకాగితం నిలబెట్టి, మీట నొక్కుతారు. మచ్చ గుండ్రంగా, అంతటా ఒకేలా పడితే సరే. ధారగా పడితే ఆ నాజిల్ గడప దాటదు. తెచ్చినవాళ్ళు ఎండలో వచ్చారని, ముందు మంచినీళ్ళిచ్చి బల్ల మీద కూర్చోబెడతారు.

బుల్లెమ్మగారికి కొబ్బరినూనె మిల్లు, రెండెకరాల రొయ్యల చెరువు ఉన్నాయి. కరెంటు పోయినప్పుడు నీళ్ళకు గాలి పట్టించే ఏరేటర్లను ఆయిలింజనే తిప్పాలి. మిల్లులో అడుగున మిగిలే నూనె ఇంజనుకు పనికొస్తుందా అని నిరుడు వానాకాలంలో ఆవిడ అడిగారు. మోషేగారు వెంటనే అవుననలేదు. కొబ్బరినూనె చిక్కన, బొట్లు లావుగా పడతాయి, సగం కాలక మసి కడుతుంది అని చెప్పారు. నూనెను రెండుసార్లు వడగట్టించి, సగానికి సగం డీజిలు కలిపి, నాజిల్ ఒత్తిడి కాస్త పెంచి, పన్నెండు కాగితాలు పాడుచేశాక మచ్చ గుండ్రంగా వచ్చింది. ఇక పోసుకోండి, నాదీ పూచీ అన్నారు. ఆ వానాకాలమంతా ఇంజను చక్కగా తిరిగింది. గట్టు మీద కొబ్బరి వేగిన వాసనొస్తోందని కూలీలు నవ్వుకునేవారు.

క్రిస్మస్ వెళ్ళిన వారం, తెల్లవారుతుండగా కరెంటు పోయింది. బుల్లెమ్మగారి ఇంజను ఎంత తిప్పినా తెల్లపొగ కక్కి ఆగిపోతోంది. ఫోను అందుకుని మోషేగారు మోపెడ్ మీద వెళ్ళేసరికి రొయ్యలు ఊపిరాడక గట్టు వెంట పైకి తేలుతున్నాయి. ఆయన ఫిల్టర్ విప్పారు. లోపల నూనె తెల్లగా పేరుకుని ఉంది.

ఆ తెలుపు ఆయన ఇంట్లో చూసి వచ్చిందే. ఆ ఉదయమే ఇంట్లో భార్య సలోమి గడ్డకట్టిన తలనూనె సీసాను వేణ్ణీళ్ళలో పెట్టింది. ప్రతి చలికాలం చూసేదే. ఆ సీసా పక్కనుంచే ఆయన చెప్పులేసుకుని వచ్చారు.

బుల్లెమ్మగారి పొయ్యి మీద కాఫీకని కాగుతున్న నీళ్ళు తెప్పించి ఫిల్టరు మీద, గొట్టం మీద పోశారు. నూనె కరిగింది. ఇంజను అందుకుంది. కానీ అప్పటికే సగం రొయ్యలు పోయాయి.

చలి ఎక్కువైపోయిందని గట్టు మీదున్నవాళ్ళు సర్దిచెప్పబోయారు. మోషేగారు ఒప్పుకోలేదు.

“చలి తప్పు కాదండి. నేను మధ్యాన్నం రేకుల షెడ్డులో పరీక్ష చేసేను. మీ ఇంజను తిరగాల్సింది తెల్లారగట్ల. నా మాట నమ్మి పోసేరు. తప్పు నాదేనండి, బుల్లెమ్మగారూ.”

ఆవిడ వంగి, గట్టు పక్కన తేలిన రొయ్యనొకదాన్ని చేతిలోకి తీసుకున్నారు.

“ఆయ్. మీరు చెప్పబట్టి తెలిసింది. లేపోతే ఈపాటికి దేవుణ్ణి తిట్టుకుంటా కూర్చుందును,” అన్నారు. తరవాత ఆయన తడిసిన కాళ్ళు చూసి, “కాఫీ నీళ్ళు ఇంజనే తాగేసింది. మళ్ళీ పెడతాను, ఉండండి,” అన్నారు.

ఆయన ఉన్నారు. కాఫీ తాగుతూ తల ఎత్తలేదని చూసినవాళ్ళు చెప్పారు.

ఆ వారంలోనే నూనె గొట్టాన్ని వేడి పొగగొట్టం పక్కనుంచి వచ్చేలా మార్చారు. తొలి పది నిమిషాలు ఒట్టి డీజిలు మీదే తిప్పాలని బుల్లెమ్మగారికి నేర్పారు. ఇప్పుడు ఆయన షాపు పొద్దు పొడవకముందే తెరుస్తారు. రాత్రంతా ఆరుబయట ఉంచిన నూనెతోనే నాజిల్ పరీక్ష. కాగితం మీద మచ్చ పక్కన పెన్సిలుతో వేళ రాస్తారు. కిటికీలో సలోమి తలనూనె సీసా ఉంటుంది. అది గడ్డకట్టిన రోజున వచ్చిన మచ్చనే ఆయన నమ్ముతారు.